ప్రెయిరీ నగరానికి ప్రయాణ ముహూర్తం

తిథి, వారం, నక్షత్రం చూచి ప్రయాణం కట్టడం తెలుగువారికి తరతరాలుగా వస్తున్న ఆచారం. విమానాల కాలంలో ఆ స్థానాన్ని టిక్కెట్టు ధర, సెలవులు, వీసా గడువు ఆక్రమించాయి. కాని ఉత్తర అమెరికా ఖండం నడిబొడ్డున, ప్రెయిరీ అని పిలువబడే విశాలమైన గడ్డిమైదానాలలో స్థిరపడిన కుటుంబాలు స్వదేశం నుండి తల్లిదండ్రులను పిలిపించుకొనేటప్పుడు వీటన్నిటికంటె ముందు విచారించవలసిన విషయం మరొకటి ఉన్నది. అది ఆ ఊరి వాతావరణం.

తరచుగా జరిగే పొరపాటు ఒకటి. ఏప్రిల్ నెల వచ్చేసరికి కోస్తాలోను, రాయలసీమలోను, తెలంగాణలోను ఎండలు ముదురుతాయి. ఆ ఎండలను తప్పించినట్లూ ఉంటుంది, అమెరికాలో వసంతకాలం చూపించినట్లూ ఉంటుందన్న తలంపుతో పిల్లలు ఏప్రిల్ మొదటి వారానికి టిక్కెట్లు కొని పంపుతారు. కాలిఫోర్నియాలోనో, టెక్సాసులోనో ఉన్నవారికి ఈ లెక్క చక్కగానే కుదురుతుంది. ఉత్తర డకోటా రాష్ట్రంలోని ఫార్గో వంటి ఊళ్లో కుదరదు. నూలు చీర మీద ఒక శాలువా కప్పుకొని, కాళ్లకు చెప్పులతో విమానం దిగిన పెద్దలకు అక్కడ ఎదురయ్యేవి సగం కరిగి మురికిపట్టిన మంచుకుప్పలు, ఉప్పొంగుతున్న నది, ఎముకలు కొరికే గాలి. మొదటి ఆరు వారాలు కిటికీ ప్రక్కన కుర్చీలోనే గడిచిపోతాయి. ఆరు నెలల కోసం వచ్చినవారికి ఆరు వారాలు తక్కువ కాలమేమీ కాదు.

ఈ పొరపాటు ఎందుకు జరుగుతున్నదో, ఏ కాలంలో వస్తే పెద్దలకు సుఖంగా ఉంటుందో ఫార్గో నగరాన్ని ఉదాహరణగా తీసుకొని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇక్కడ చెప్పిన సూత్రాలు గ్రాండ్ ఫోర్క్స్, బిస్మార్క్ నగరాలకు, సరిహద్దుకు ఆవల కెనడాలోని వినిపెగ్, బ్రాండన్, రెజైనా, సాస్కటూన్ నగరాలకు కూడా స్వల్ప భేదాలతో వర్తిస్తాయి.

నేల, నది

ఫార్గో 2020 జనాభా లెక్కల ప్రకారం 1,25,990 మంది నివసించే నగరం. ఉత్తర డకోటాలో ఇదే పెద్ద ఊరు. మన లెక్కలో ఒక మోస్తరు పట్టణం. రెడ్ నదికి పడమటి ఒడ్డున ఫార్గో, తూర్పు ఒడ్డున మిన్నెసోటా రాష్ట్రానికి చెందిన మూర్‌హెడ్ ఉన్నాయి. 1890లో స్థాపించబడిన నార్త్ డకోటా స్టేట్ యూనివర్సిటీ ఇక్కడనే ఉన్నది.

ఈ ఊరి చుట్టూ నేల బల్లపరుపుగా ఉంటుంది. సుమారు పన్నెండు వేల సంవత్సరాల క్రితం హిమానీనదాలు కరిగినప్పుడు ఏర్పడిన అగాసీ అనే మహా సరస్సుకు ఇది అడుగుభాగం. ఆ సరస్సు ఎండిపోగా మిగిలిన నల్లని బంకమట్టి వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. కృష్ణా, గుంటూరు ప్రాంతాల నల్లరేగడి నేలలనూ, ఫార్గో పరిసరాల నేలనూ మృత్తికా శాస్త్రజ్ఞులు వెర్టిసాల్ అనే ఒకే తరగతిలో చేర్చారు. ప్రత్తి, మిరప పండించిన చేతులకు ఈ మట్టి కొత్తది కాదు; దానిపైనున్న ఆకాశమే కొత్తది.

నడిఖండపు స్వభావం

ఫార్గో సుమారు 47 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. పారిస్ నగరం ఇంతకంటె రెండు డిగ్రీలు ఉత్తరాన ఉన్నది. అయినా జనవరిలో పారిస్‌లో వానజల్లు పడుతూండగా ఫార్గోలో నేల గడ్డకట్టి ఉంటుంది. అక్షాంశం ఒక్కటే చలిని నిర్ణయించదనడానికి ఇదొక నిదర్శనం.

నీరు నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారుతుంది. నేల త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఋతువుల మధ్య అంతరం అందువల్లనే తక్కువ. విశాఖపట్నంలో అతి చల్లని నెలకు, అతి వేడి నెలకు మధ్య సగటు ఉష్ణోగ్రతలో తేడా పది సెల్సియస్ డిగ్రీలు కూడా ఉండదు. ఏ మహాసముద్రానికైనా వెయ్యి మైళ్లకు పైబడిన దూరంలో ఉన్న ఫార్గోలో ఆ తేడా సుమారు 34 డిగ్రీలు.

దీనికి తోడు ఉత్తర ధ్రువప్రాంతం నుండి ఇక్కడివరకు గాలిని అడ్డుకొనే పర్వతశ్రేణి ఏదీ లేదు. పడమట రాకీ పర్వతాలు పసిఫిక్ మహాసముద్రపు తేమను ఆపివేస్తాయి. దక్షిణాన మెక్సికో సింధుశాఖ నుండి వెచ్చని తేమగాలి వేసవిలో నిరాటంకంగా పైకి వస్తుంది. ఉత్తరపు పొడి చలిగాలికి, దక్షిణపు తేమగాలికి ఈ మైదానమే యుద్ధరంగం. 1936వ సంవత్సరం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆ ఫిబ్రవరి 15న ఉత్తర డకోటాలోని పార్షల్ గ్రామంలో సున్నాకు దిగువన 60 డిగ్రీల ఫారన్‌హీట్ చలి నమోదయింది. అదే ఏడు జూలై 6న స్టీల్ అనే ఊళ్లో 121 డిగ్రీల వేడి నమోదయింది. అయిదు నెలలు నిండకుండానే ఒకే రాష్ట్రంలో 181 డిగ్రీల తేడా!

సగటు చెప్పని సంగతి

ప్రయాణానికి ముందు చాలామంది చూచేది నెలవారీ సగటు ఉష్ణోగ్రత. ఫార్గోలో జనవరి పగటి గరిష్ఠం సగటున 18 డిగ్రీల ఫారన్‌హీట్ పరిసరాలలోను, ఏప్రిల్‌లో 50 డిగ్రీలకు కొంచెం పైన, జూలైలో 82 పరిసరాలలోను, సెప్టెంబరులో 70 డిగ్రీలకు కొంచెం పైన ఉంటుంది. ఏప్రిల్ అంకెను చూచినవారు ఒక స్వెట్టరు చాలుననుకొంటారు. సగటు అబద్ధం చెప్పదు గాని, నిజమంతా చెప్పదు. ఒక ఏప్రిల్‌లోనే 75 డిగ్రీల మధ్యాహ్నమూ ఉండవచ్చు, అడుగు మందాన మంచు పడిన రోజూ ఉండవచ్చు. రెండిటినీ కలిపి తీసిన సగటులో రెండూ అదృశ్యమవుతాయి.

కనుక సగటుతో పాటు తెలుసుకొనవలసినది ఆ సగటుకు ఇరువైపులా రోజులు ఎంత దూరం ఊగిసలాడుతాయన్నది. ఈ ఊగిసలాట చలికాలంలో ఎక్కువ, నడివేసవిలో తక్కువ. కారణం స్పష్టమే. శీతాకాలంలో ధ్రువానికి, ఉష్ణమండలానికి మధ్య ఉష్ణోగ్రతల అంతరం అధికమై, రెంటినీ వేరుచేసే జెట్ స్ట్రీమ్ అనే ఉన్నత వాయుప్రవాహం బలపడి దక్షిణానికి దిగుతుంది. అది ఒకవైపు వంగితే ధ్రువవాయువు, మరొకవైపు వంగితే వెచ్చని వాయువు ఊరిమీదికి వస్తాయి. వేసవిలో ఆ ప్రవాహం బలహీనపడి కెనడా వైపు జరుగుతుంది. అప్పుడు రేపటి రోజు చాలావరకు ఈనాటి రోజును పోలి ఉంటుంది. వయసు మళ్లినవారికి కావలసినది ఈ నిలకడయే.

ఆలస్యంగా వచ్చే వసంతం

మన పంచాంగంలో ఉగాదితో వసంత ఋతువు ఆరంభమవుతుంది. ఫార్గోలో ఉగాదినాటికి వేపపూత మాట అటుంచి, మోడువారిన చెట్లకు చిగురైనా కనిపించదు. ఏప్రిల్ తొలినాళ్లలో సూర్యుడు సెప్టెంబరు తొలినాళ్లలో ఉన్నంత ఎత్తునే ఉంటాడు; పగటి పొడవూ దాదాపు సమానమే. అయినా సెప్టెంబరు ఎంతో వెచ్చగా ఉంటుంది. ఈ తేడాకు మూడు కారణాలు ఉన్నాయి.

మొదటిది, తెల్లని మంచు తనమీద పడిన ఎండలో అధికభాగాన్ని తిరిగి ఆకాశానికి పంపివేస్తుంది. రెండవది, మంచు కరగడానికి వేడి కావాలి. ఒక గ్రాము మంచు సున్నా సెల్సియస్ వద్దనే నీరుగా మారడానికి 80 క్యాలరీలు పుచ్చుకొంటుంది; ఆ వేడితో అదే నీటిని 80 డిగ్రీల వరకు కాచవచ్చు. మార్చి, ఏప్రిల్ ఎండలో పెద్ద భాగం ఈ పనికే వ్యయమవుతుంది. మూడవది, కొన్ని అడుగుల లోతు వరకు గడ్డకట్టిన నేల కరిగి వేడెక్కడానికి వారాలు పడుతుంది. సెప్టెంబరులో నేల వేసవి అంతా దాచుకొన్న వేడిని తిరిగి ఇస్తూ ఉంటుంది. ఏప్రిల్ అప్పు తీరుస్తున్న నెల. సెప్టెంబరు కూడబెట్టినది అనుభవిస్తున్న నెల.

వరద భయం కూడ ఈ కాలంలోనే. రెడ్ నది ఉత్తరాభిముఖంగా ప్రవహిస్తుంది. దక్షిణాన ఎగువభాగంలో మంచు ముందు కరిగి నీరు బయలుదేరేసరికి ఉత్తరాన దిగువభాగం ఇంకా గడ్డకట్టి ఉంటుంది. నేలవాలు మైలుకు ఒక అడుగు కూడా లేదు. వచ్చిన నీరు పోయే దారిలేక చేలమీద పరచుకొంటుంది. 1996-97 శీతాకాలంలో ఫార్గోలో 117 అంగుళాల హిమపాతం నమోదయింది. ఆ మంచు కరిగిన 1997 ఏప్రిల్‌లో 80 మైళ్ల ఉత్తరాన ఉన్న గ్రాండ్ ఫోర్క్స్ నగరం నీటమునిగి, దాదాపు 50 వేలమంది ఇళ్లు విడిచి వెళ్లవలసివచ్చింది. 2009 మార్చి 28న ఫార్గో వద్ద నది 40.84 అడుగుల రికార్డు మట్టానికి చేరింది. అక్కడ 18 అడుగులు దాటితేనే వరదగా లెక్క. ఊరివారు, విద్యార్థులు రేయింబవళ్లు ఇసుకబస్తాలు నింపి నగరాన్ని కాపాడుకొన్నారు.

విశ్వవిద్యాలయ స్నాతకోత్సవం మే నెల మధ్యలో జరుగుతుంది. బిడ్డ పట్టా పుచ్చుకొనే దృశ్యం చూడాలని వచ్చే తల్లిదండ్రులకు వేరే ముహూర్తం లేదు. అప్పటికి మంచు పోయి చెట్లు చిగురిస్తాయి. పగలు 70 డిగ్రీల వరకు రావచ్చు. కాని రాత్రులు 45 డిగ్రీల పరిసరాలకు దిగుతాయి. ఒకటి రెండు రాత్రులు నేలమీద తెల్లని తుషారం కనిపించినా వింత కాదు. కోటు, మేజోళ్లు, చెవులు కప్పే టోపీ వెంట ఉండాలి.

వేసవి: వెలుగు, వాన, దోమలు

జూన్ చివర ఫార్గోలో పగలు దాదాపు పదహారు గంటలు. సూర్యాస్తమయం రాత్రి తొమ్మిదిన్నరకు సమీపిస్తుంది. హైదరాబాదులో అతి దీర్ఘమైన పగలు పదమూడు గంటలు మాత్రమే. సంధ్యావందనం ఎన్ని గంటలకు చేయాలో, భోజనానికి ఎప్పుడు కూర్చోవాలో తెలియక పెద్దలు కొద్దిరోజులు తికమక పడటం సహజం. పడకగదికి దళసరి తెరలు వేయడం మంచిది.

జూన్ ఆహ్లాదకరమైనదే గాని, ఏడాదిలో అధిక వర్షపాతం ఈ నెలలోనే, సుమారు నాలుగు అంగుళాలు. ఉరుములతో కూడిన గాలివానలు, వడగళ్లు, ఒక్కొక్కప్పుడు టోర్నడోలు వచ్చేదీ ఇప్పుడే. 1957 జూన్ 20న ఫార్గోను తాకిన టోర్నడోను టెడ్ ఫుజిటా అనే శాస్త్రజ్ఞుడు వందలాది ఛాయాచిత్రాల సహాయంతో పరిశోధించాడు. టోర్నడో పుట్టుకను గురించిన నేటి పరిజ్ఞానానికి ఆ పరిశోధన ఒక పునాదిరాయి. ఇంటికి వచ్చిన పెద్దలకు మొదటివారంలోనే నేలమాళిగ దారి, సైరన్ మ్రోగితే ఏమి చేయాలో చూపించి ఉంచాలి. పిల్లలు ఉద్యోగాలకు పోయినప్పుడు ఇంట్లో ఉండేది వారే కదా.

జూలై అన్నిటికంటె నిలకడైన నెల. పగలు 82, రాత్రి 60 డిగ్రీల పరిసరాలు తెలుగువారికి వేసవిగానే తోచవు. అయితే కనుచూపుమేర పెరిగిన మొక్కజొన్న, సోయా చేలు విడిచే నీటియావిరి వల్ల కొన్ని రోజులు ఉక్కపోత ఉంటుంది. సాయంకాలపు దోమల విషయంలో ఫార్గో మన నెల్లూరుకు ఏమాత్రం తీసిపోదు. ఇటీవలి కాలంలో మరొక చిక్కు వచ్చింది. 2021, 2023 వేసవులలో కెనడా అడవుల కార్చిచ్చుల పొగ ఈ మైదానాలను కమ్మివేసింది. ఉబ్బసం ఉన్నవారు అటువంటి రోజులలో గాలి నాణ్యత సూచిక చూచి గాని నడకకు బయలుదేరరాదు.

అన్నిటిలోను మేలైన కాలం

ఆగస్టు రెండవ పక్షం నుండి సెప్టెంబరు నెలాఖరు వరకు ఉన్న ఆరువారాలు పెద్దలకు అత్యంత అనుకూలమైనవి. గాలివానలు తగ్గుతాయి, దోమలు పలచబడతాయి, తేమ తగ్గి ఆకాశం నిర్మలమవుతుంది. సెప్టెంబరు పగళ్లు 70 డిగ్రీలకు పైన, అంటే 22 సెల్సియస్ పరిసరాలలో ఉంటాయి. తెల్లవారుజామున 50 డిగ్రీలకు దిగినా, అది మార్గశిర మాసపు అరకులోయను తలపించే చలియే గాని భయపెట్టే చలి కాదు. పగలు, రాత్రి ఇంచుమించు సమానంగా ఉండి నిద్ర కుదురుతుంది.

చూడదగినవీ ఇప్పుడే ఎక్కువ. ఆగస్టులో గోధుమ కోతలు, పచ్చగా విరబూసిన పొద్దుతిరుగుడు చేలు, అక్టోబరు ఆరంభంలో చక్కెరదుంపల త్రవ్వకం చూస్తూ ఒక రైతు తండ్రి పొద్దంతా గడిపివేయగలడు. గంట ప్రయాణంలో మిన్నెసోటా సరస్సులు ఉన్నాయి. సెప్టెంబరు చివర ఆకులు బంగారు రంగుకు తిరుగుతాయి. దసరా నవరాత్రులకు తల్లి ఇంట్లో ఉండటం మరొక లాభం.

ఆరు నెలలు ఉండదలచినవారు మే మూడవ వారంలో వచ్చి అక్టోబరు మొదటి వారంలో తిరుగు ప్రయాణం కట్టుకోవడం ఉత్తమం. గడువు ఇంకా మిగిలితే దానిని డాలస్‌లోనో, అట్లాంటాలోనో ఉన్న మరొక బిడ్డ ఇంట గడపవచ్చు. గడువు మిగిలిందన్న ఒక్క కారణాన నవంబరు మంచులోకి వారిని లాగడం ఉచితం కాదు.

శీతాకాలంలో రాక తప్పనప్పుడు

కూతురి పురిటికి వచ్చే తల్లి నెల ఎంచుకోలేదు. జనవరిలో ప్రసవమైతే జనవరిలోనే రావాలి. అటువంటప్పుడు చలిని గురించి భయం కంటె జ్ఞానం మేలు చేస్తుంది.

చలికంటె గాలి ప్రమాదకరమైనది. శరీరం తన చుట్టూ ఒక పలుచని వెచ్చని గాలిపొరను నిలుపుకొంటుంది. వీచే గాలి దానిని చెరిపివేస్తుంది. ఈ ప్రభావాన్ని లెక్కించేదే విండ్ చిల్. సున్నా ఫారన్‌హీట్ వద్ద గంటకు 15 మైళ్ల గాలి వీస్తే అది సున్నాకు దిగువన 19 డిగ్రీలతో సమానం. కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టవచ్చు. అందుచేత ముక్కు, చెవులు, వ్రేళ్లు కప్పుకోవడం ముఖ్యం. ఒక దళసరి కోటు కంటె, నడుమ గాలి నిలిచేటట్లు మూడు నాలుగు పలుచని దుస్తులు వేసి, పైన గాలి చొరని కోటు తొడగడం మేలు. చీరకట్టు మానుకోలేని తల్లులు లోపల ఉన్ని పైజామా, కాళ్లకు మంచుబూట్లు ధరిస్తే సరిపోతుంది.

ఇంటిలోపల సమస్య చలి కాదు, పొడితనం. సున్నా డిగ్రీల బయటి గాలిని లోపల 70 డిగ్రీలకు వేడిచేస్తే, తేమ చేర్చకపోతే, దాని సాపేక్ష ఆర్ద్రత పదిశాతానికి లోపే. గొంతు ఎండటం, చర్మం పగలటం, ముక్కునుండి నెత్తురు రావడం ఇందువల్లనే. హ్యుమిడిఫయర్, కొబ్బరినూనె, తరచుగా మంచినీరు ఇందుకు విరుగుడు. చలికి రక్తనాళాలు ముడుచుకొని రక్తపుపోటు పెరుగుతుంది గనుక గుండెజబ్బు, పోటు ఉన్నవారు వైద్యుని సలహా తీసుకొని రావాలి. ఇంటిముందు మంచు ఎత్తే పనికి వారిని ఎన్నడూ దిగనీయరాదు.

గంటకు 35 మైళ్లకు తగ్గని గాలితో, పావుమైలుకు మించి కనబడని స్థితి మూడు గంటలు కొనసాగితే దానిని బ్లిజార్డ్ అంటారు. అప్పుడు రహదారులను మూసివేస్తారు. మినియాపొలిస్‌లో దిగి 235 మైళ్లు కారులో తీసుకురావాలనుకొనేవారు ఒకటి రెండు రోజులు అక్కడ ఆగగలిగే ఏర్పాటు ముందే చేసుకోవాలి. కారులో దుప్పట్లు, తినుబండారాలు, టార్చిలైటు ఉంచుకోవాలి. దారిలో చిక్కుపడితే కారు విడిచి నడవరాదు. ఇంజను నడిపే ముందు పొగగొట్టం చుట్టూ మంచు తొలగించాలి.

నెల ముందు, రోజు తరువాత

వాతావరణ సూచనలు ఒక వారం వరకు నమ్మదగినవి. రెండు వారాలు దాటిన తరువాత ఫలానా రోజు ఎట్లుంటుందో చెప్పడం సాధ్యం కాదు. టిక్కెట్టు మాత్రం మూడు నెలల ముందు కొనాలి. కనుక నెలను నిర్ణయించడానికి అనేక సంవత్సరాల శీతోష్ణస్థితి లెక్కలను, బయలుదేరే రోజున కోటు చేతిలో ఉండాలో పెట్టెలో ఉండాలో నిర్ణయించడానికి ఆ వారపు సూచనను ఆశ్రయించాలి. గత శతాబ్ద కాలంలో ఉత్తర డకోటా శీతాకాలాలు కొంత వెచ్చబడిన మాట నిజమే. కాని ఊగిసలాట పోలేదు గనుక జాగ్రత్తలూ పోలేదు.

డెబ్బదియేళ్ల వయసులో ఇరవై గంటల విమానప్రయాణం చేసి వచ్చేవారు ఎన్నిమార్లు రాగలరు? ఆ రాక బహుశా ఒకటి రెండుసార్లకే పరిమితం. వారు తిరిగివెళ్లి ఇరుగుపొరుగులకు చెప్పుకొనేది కిటికీలోనుండి చూచిన మంచును గురించి కాక, మనుమరాలి చేయి పట్టుకొని నదిఒడ్డున నడచిన సెప్టెంబరు సాయంకాలాలను గురించి కావాలంటే, ఆ ముహూర్తం నిర్ణయించవలసినది పిల్లలే.